ఫ్లెక్సీ మీద మేడం

ఏలూరు నుంచి వచ్చిన పాసింజరు దిగి, తాడేపల్లిగూడెం స్టేషన్ మెట్ల మీద చెప్పు పట్టీ సరిచేసుకుని తలెత్తేసరికి నజ్నీన్‌కి ఎదురుగా తన మొహమే కనిపించింది. ఆటో స్టాండు పైన రెండు కరెంటు స్తంభాల మధ్య కొత్త ఫ్లెక్సీ కట్టారు. ఇంటర్ అయినవాళ్ళకి ఏడాదంతా ఎంసెట్ కోచింగిచ్చే లాంగ్ టర్మ్ బ్యాచికి అడ్మిషన్లు మొదలయ్యాయని చెప్పే ఫ్లెక్సీ అది. ఎంసెట్ మెడికల్‌లో ర్యాంకులు తెచ్చుకున్న పిల్లల ఫోటోలు వరసగా వేశారు. పై వరసలో మూడో బొమ్మ తనది. పేరు రాసి, కింద మూడు వందల పద్దెనిమిది అని ఎర్ర అంకెల్లో వేశారు. "వీరంతా మా విద్యార్థులే" అని కూడా రాశారు. ఒక చివర కాలేజీ కరస్పాండెంట్ భీమశంకరం గారు చేతులు జోడించి నవ్వుతున్నారు.

నజ్నీన్ ఆ కాలేజీలో విద్యార్థిని కాదు. జువాలజీ లెక్చరరు. ఎమ్మెస్సీ చేసి వచ్చి మూడేళ్ళుగా ఇంటర్ సీ సెక్షన్‌కి ఇన్‌చార్జిగా ఉంటోంది. ఫ్లెక్సీలో తనకి అటూ ఇటూ ఉన్న ఇద్దరు పిల్లలూ కప్ప గుండెకి ఎన్ని గదులో తన దగ్గరే నేర్చుకున్నారు.

"మేడం గారండీ, పైన ఉన్నది మీరేనాండీ?" అన్నాడు రోజూ తీసుకెళ్ళే ఆటో అతను. "మరీ చిన్నపిల్లలా ఉన్నారు. మీ చెల్లెలు గారేమో అనుకున్నా."

"చెల్లెలేనండీ. పోనీయండి."

ఆటో ఓవర్ బ్రిడ్జి ఎక్కాకగాని ఒళ్ళు మండలేదు. పరీక్ష రాసిన సంగతి కాలేజీలో ఫిజిక్సు చెప్పే బాపిరాజు మాస్టారికి తప్ప పురుగుకి కూడా తెలీదు. ఏడాది పొడుగునా ఆయన క్లాసులో వెనక బెంచీ మీద కూర్చుని, పిల్లల్ని అదుపులో పెట్టే వంకన ఆప్టిక్సూ ఎలక్ట్రిసిటీ మళ్ళీ మొదటినుంచి నేర్చుకుంది. ఆయన చెప్పే మనిషి కాదు. మరి ఈ ఫోటో ఎక్కడిది? ఎవరి నోటి వెంట జారింది?

దాచుకోవడానికి కారణం ఉంది. ఆ కాలేజీలో లెక్చరరుగా చేరాలంటే పదో తరగతి నుంచి పీజీ దాకా ఒరిజినల్స్ అన్నీ కరస్పాండెంట్ గారి బీరువాలో పెట్టాలి. ఏడాది మధ్యలో ఎవరూ మానెయ్యకుండా అదొక ముకుతాడు. ఏప్రిల్‌లో ఏడాది ముగిస్తేగాని తిరిగివ్వరు. ఇప్పుడు జూలై, కొత్త ఏడాది మొదలైపోయింది. మంగళవారం విజయవాడలో కౌన్సెలింగు. ఆ రోజు ఒరిజినల్స్ బల్ల మీద పెట్టకపోతే సీటు తర్వాతి ర్యాంకు వాళ్ళకి పోతుంది. పాస్‌పోర్టు పని ఉందండీ, రెండు రోజులకి ఇవ్వండీ అని పదిహేను రోజులుగా అడుగుతుంటే రేపూ మాపూ అని తిప్పుతున్నారు. ఇప్పుడు ఊరంతా చూసేలా ఫ్లెక్సీ కట్టాక పాస్‌పోర్టు మాట ఎవరు నమ్ముతారు?

సీ సెక్షన్‌లో అడుగుపెట్టేసరికి అరవై మందీ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వుతున్నారు. "ఏంటి?" అంది. ముందు బెంచీ పిల్ల లేచి, "కంగ్రాట్స్ మేడం. లాంగ్ టర్మ్‌లో మా సీనియర్స్‌తోపాటే కూర్చున్నారాండీ?" అంది. క్లాసంతా గొల్లుమంది. నజ్నీన్ బోర్డు వైపు తిరిగి మూత్రపిండం బొమ్మ మొదలుపెట్టింది. ఎప్పుడూ ఒక్క గీతలో వచ్చే వంపు ఆ రోజు రెండుసార్లు చెరిపితేగాని రాలేదు. నెఫ్రానులు సగం గీసేసరికి ప్యూన్ వచ్చి, "సారు రమ్మంటున్నారండీ," అన్నాడు.

కరస్పాండెంట్ గదిలో పీఆర్వో నిత్యానందం గోడకి అతుక్కుపోయి నిలబడ్డాడు. ఏసీలో కూడా చొక్కా తడిసిపోయింది. భీమశంకరం గారు పెన్ను మూత చెవిలో తిప్పుకుంటూ పేపర్లో వచ్చిన తమ ప్రకటననే చూస్తున్నారు. అందులోనూ అదే ఫోటో ఉంది.

"ఇదేం పనమ్మా?" అన్నారు తలెత్తకుండా.

"మీరు వేసిన ఫోటోనే కదండీ," అంది నజ్నీన్.

నిత్యానందం సంగతి చెప్పాడు. ర్యాంకులు వచ్చిన దగ్గర్నుంచీ అతని పని ఒకటే. ఎక్కడ మంచి ర్యాంకు వచ్చిందని తెలిసినా, ఆ పిల్లలు ఏ కాలేజీలో చదివినా, ఇంట్లో కూర్చుని చదివినా సరే, స్వీటు ప్యాకెట్టు పట్టుకుని ఆ గుమ్మం తొక్కుతాడు. రెండు మంచి మాటలు చెప్పి ఒక ఫోటో పట్టుకొస్తాడు. చుట్టుపక్కల కాలేజీలన్నీ చేసేదే. మొన్న ఏలూరు తంగెళ్ళమూడిలో తివాచీలు నేసే సాయిబు గారి అమ్మాయికి ర్యాంకు వచ్చిందని విని అక్కడికీ వెళ్ళాడు. ఆ అమ్మాయి తల్లి మహబూబ్ బీ గారట. అడగ్గానే కళ్ళనీళ్ళు పెట్టుకుని మరీ ఫోటో ఇచ్చారు. తను చేరి రెండు నెలలే అయింది, రోజంతా ఊళ్ళు తిరిగే ఉద్యోగం, ఇక్కడి లెక్చరర్ల మొహాలు తనకెలా తెలుస్తాయండీ అని వాపోయాడు.

"సరేలే, నువ్వెళ్ళు," అన్నారు భీమశంకరం గారు. తలుపు పడ్డాక పెన్ను మూత తీసి బల్ల మీద పెట్టారు. "చెప్పా పెట్టకుండా రాశావు. ఎమ్మెస్సీ చదివినదానివి, హాయిగా పాఠాలు చెప్పుకోక ఈ వయసులో ఎంబీబీఎస్ ఏంటమ్మా? ముసలిదానివయ్యాక డాక్టరువవుతావా?"

"ఇరవై అయిదేనండీ నాకు."

"సరే, ఏడువు. భీమవరం, ఏలూరు, కైకలూరు అన్నిచోట్లా కట్టేశారు. పీకిస్తే ఎందుకు పీకారని అడుగుతారు. ఈ ఏడు మనం పంపినవాళ్ళల్లో అందరికీ ర్యాంకులే అని చెప్పుకుంటున్నాం. ఇప్పుడు పరువు తీసుకోలేం." ఆయన కాసేపు లెక్క వేసుకున్నారు. "ఒక పని చెయ్యి. పోయినేడు నువ్వు మా లాంగ్ టర్మ్‌లో చదివావు. అంతే. ఆదివారం సన్మాన సభ. కొత్త పేరెంట్స్ అంతా వస్తారు. స్టేజీ ఎక్కి రెండు ముక్కలు చెప్పు. సోమవారం వచ్చి నీ కాగితాలు పట్టుకెళ్ళు."

నజ్నీన్ ఆయన మొహంలోకి చూసింది. ఎనిమిదేళ్ళ క్రితం తను ఇంటర్ చదివిన ఏలూరు బ్రాంచిలో కూడా ఆ మొహం ఇలాగే ఉంది. ఆ బ్రాంచి ఎత్తేశారు గాని మొహం మారలేదు. హాల్ టికెట్లు పంచుతున్న రోజు ఏ, బీ సెక్షన్లు రెండింటికీ ఇచ్చి, సీ సెక్షన్‌లో పదిమందికి లేవన్నారు. తను అబ్బా అని పిలిచే తండ్రి మగ్గం మీంచి లేచి, వేళ్ళకి ఉన్ని పీచుతోనే పరుగెత్తుకొచ్చాడు. అప్లికేషన్లు కాలేజీ వాళ్ళే తీసుకున్నారు, కాలేజీ వాళ్ళే పంపలేదు. "సాయిబు గారూ, మీ అమ్మాయికి ఎంసెట్ దండగండీ. రాసినవాళ్ళందరికీ ర్యాంకు వస్తేనే మాకు పేరు. ఏదన్నా డిగ్రీలో పడెయ్యండి," అన్నారు ఈయన. అప్పుడు అబ్బా రెండు చేతులూ జోడించి, "మంచి మాట చెప్పారండీ," అన్నాడు. దండగన్నందుకు ఈయన్ని క్షమించినా క్షమించేదేమోగాని, అబ్బా చేత ఆ దణ్ణం పెట్టించుకున్నందుకు మాత్రం క్షమించలేకపోయింది. డిగ్రీ, ఎమ్మెస్సీ అయ్యాక ఎన్ని కాలేజీలున్నా వెతుక్కుని మరీ ఈయన దగ్గరే చేరింది. ఈయన కళ్ళముందే చదివి, ఈయన కళ్ళముందే వెళ్ళిపోవాలని. ఈయనకి మాత్రం ఏమీ గుర్తులేదు. అదింకా కాల్చేస్తోంది.

"సోమవారం కాదండీ," అంది చాలా మెత్తగా. "శాలువాతో పాటు స్టేజీ మీదే ఇప్పించండి. మీ చేతుల మీదుగా."

ఆయన ఒక్క క్షణం అనుమానంగా చూసి, తర్వాత మొహం విప్పారు. "అదీ బాగానే ఉంటుంది. ఫోటో బాగా వస్తుంది. తెలివైనదానివే."

సాయంత్రం ఇంటికెళ్ళేసరికి మహబూబ్ బీ స్వీటు ప్యాకెట్టులో మిగిలిన పూతరేకులు పళ్ళెంలో పెట్టుకుని పక్కింటివాళ్ళకి పంచుతోంది. కూతురి మొహం చూసి ఆగింది.

"ఎవర్నడిగి ఇచ్చావమ్మీ ఫోటో?"

"వాళ్ళంతట వాళ్ళు ఇంటికొచ్చారే. కుర్చీ వేస్తే కూర్చోకుండా నిలబడే మాట్లాడారు. నువ్వు అక్కడే పాఠాలు చెబుతున్నావని మాత్రం అనలేదు, పరీక్ష సంగతి వాళ్ళకి తెలియకూడదన్నావుగా. మన గుమ్మంలోకి అంత పెద్ద కాలేజీ వాళ్ళు ఎప్పుడొచ్చారు చెప్పు?"

నజ్నీన్ పళ్ళెంలోంచి ఒక పూతరేకు తీసుకుని గుమ్మం దాటింది. లోపల మగ్గం ముందు తండ్రి నన్నే సాహెబ్ ఎర్ర ఉన్ని ముడి వేసి, కత్తితో కోసి, దువ్వెనతో కిందికి కొడుతున్నాడు. కూతురు వచ్చి పక్కన కూర్చుంటే చెయ్యి ఆపకుండానే, "ఆదివారం సభంట కదా. నేను రావచ్చా?" అన్నాడు.

"రావాలబ్బా. ముందు వరసలో కూర్చోవాలి."

"నాకెందుకే ముందు వరస?"

"నేను చెప్తున్నా కదా. ముందు వరసే."

శుక్ర, శనివారాలు రైల్లో వస్తూ పోతూ స్టేజీ మీద చెప్పబోయే మాటలే నూరుకుంది. భీమడోలు దాటేదాకా ఒక వాక్యం, పుల్ల స్టేషన్ దాటేదాకా ఒకటి. గట్టిగా అరిస్తే ఆడపిల్ల ఆవేశం అని కొట్టిపారేస్తారు. అండీ అండీ అంటూనే తోలు వొలవాలి. జనం ఆయన మొహం మీద ఉమ్మేసి లేచిపోవాలి. అడ్మిషన్ల బల్ల దగ్గర ఈగలు తోలుకోవాలి. అది తలుచుకుంటే రెండు రాత్రులూ అన్నం సయించలేదు, ఆనందంతో.

ఆదివారం ఫంక్షన్ హాలు కిటకిటలాడింది. చేపల చెరువుల రైతులు, పెదవేగి నుంచి పామాయిల్ తోటల వాళ్ళు, టీచర్లు, కొట్ల వాళ్ళు, అందరూ పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని స్టేజీ వైపు మెడలు సాచి చూస్తున్నారు. నన్నే సాహెబ్ తెల్ల చొక్కా గుండీలు మెడ దాకా పెట్టుకుని ముందు వరసలో కుర్చీ అంచున కూర్చున్నాడు.

నజ్నీన్ వంతు వచ్చింది. భీమశంకరం గారు శాలువా కప్పి, ఫైలు అందించి, ఫోటోగ్రాఫర్ వైపు తిరిగారు. ఫ్లాష్ వెలిగింది. నజ్నీన్ మాత్రం అక్కడే నిలబడి ఫైలు విప్పింది. పదో తరగతి మెమో తీసి వెలుతురుకి పట్టి చూసింది. ఇంటర్ మెమో, స్టడీ సర్టిఫికెట్లు, డిగ్రీ, పీజీ ఒక్కొక్కటే తిప్పి చూసింది. హాలంతా ఎదురుచూస్తోంది. భీమశంకరం గారి నవ్వు మెల్లగా బిగిసింది. అన్నీ ఉన్నాయని తేలాక ఫైలు ముడివేసి, స్టేజీ అంచుకి వెళ్ళి వంగి, తండ్రి చేతికి ఇచ్చింది. అప్పుడు వచ్చి మైకు పట్టుకుంది.

"అందరికీ నమస్కారమండీ. నేను ఈ కాలేజీలో లాంగ్ టర్మ్ చదవలేదండీ. ఇక్కడ జువాలజీ చెబుతున్నాను. ఫ్లెక్సీలో నా పక్కన ఉన్నవాళ్ళు నా పిల్లలండీ."

భీమశంకరం గారి చెయ్యి పెన్ను కోసం జేబులో వెతుక్కుంది.

"ఎనిమిదేళ్ళ క్రితం మాత్రం ఏలూరు బ్రాంచిలో నేను వీరి విద్యార్థినేనండీ. సీ సెక్షన్. నాకు ర్యాంకు రాదని, వస్తేగాని వీరికి పేరు రాదని, నా ఎంసెట్ అప్లికేషన్ పంపకుండా చెత్తలో వేశారండీ. హాల్ టికెట్ రాలేదు. అడగడానికొచ్చిన మా నాన్న గారికి, మీ అమ్మాయికి దండగ అని చెప్పి పంపేశారు. నేను డిగ్రీ చేశానండీ. ఎమ్మెస్సీ చేశాను. ఇక్కడికే వచ్చి చేరాను. నా సర్టిఫికెట్లు ఇందాకటిదాకా వీరి బీరువాలోనే ఉన్నాయి. అయినా రాశాను. ఎనిమిదేళ్ళు కాచుకున్నానండీ ఈ మాట వీరి ముందర చెప్పడానికి. మీ పిల్లల్ని చేర్పించేముందు ఆలోచించుకోండి. అంతేనండీ."

మైకు స్టాండుకి పెట్టేసింది. ఇప్పుడు కుర్చీలు కదలాలి.

కదిలాయి కూడా. వెనక ఎవరో లేచి చప్పట్లు కొట్టారు. ఆ తర్వాత ఇంకొకరు. అరనిమిషంలో హాలంతా లేచి నిలబడి చప్పట్లే. కళ్ళు తుడుచుకుంటున్నవాళ్ళు కూడా ఉన్నారు. భీమశంకరం గారు తేరుకోవడానికి పట్టింది అంతసేపే. తనూ లేచి అందరికంటే గట్టిగా చప్పట్లు కొడుతూ వచ్చి మైకు అందుకున్నారు.

"విన్నారా అండీ? ఆ రోజు నేను కాదనబట్టే ఈ అమ్మాయిలో కసి పుట్టింది. విద్యార్థికి కావలసింది కసండీ. పుస్తకాలు ఎక్కడైనా దొరుకుతాయి, కసి ఎక్కడ దొరుకుతుంది? మా కాలేజీలో పాఠం చెప్పే మేడం గారే మూడు వందల పద్దెనిమిదో ర్యాంకు తెచ్చుకున్నారంటే, మా స్టాండర్డు గురించి నేనింకా చెప్పాలాండీ?"

మళ్ళీ చప్పట్లు. నజ్నీన్ స్టేజీ దిగేసరికి అడ్మిషన్ల బల్ల దగ్గర నిత్యానందం ఊపిరాడకుండా ఉన్నాడు. "మేడం గారు చెప్పిన సెక్షన్‌లోనే వేయండి మావాణ్ణి," అంటున్నాడు బంగారు గొలుసు రైతొకాయన. నన్నే సాహెబ్ ఫైలు గుండెకి హత్తుకుని ఎదురొచ్చాడు. ఆ వెనకే భీమశంకరం గారు వచ్చి ఆయన భుజం మీద చెయ్యి వేసి, "మీ అమ్మాయి అగ్గిబరాటా అండీ," అన్నారు. నన్నే సాహెబ్ ఫైలు చంకలో పెట్టుకుని రెండు చేతులూ జోడించాడు.

"అంతా మీ దయేనండీ," అన్నాడు.

నజ్నీన్ తండ్రి మోచెయ్యి పట్టుకుని బయటికి లాక్కొచ్చింది. స్టేషన్ దాకా అలాగే నడిపించింది. ఆయనకేం అర్థమైందో, "బాగానే చెప్పావే," అని ఒకసారి, "గట్టిగానే చెప్పావు," అని ఒకసారి అన్నాడు. ప్లాట్‌ఫారం మీద బల్ల చూపించి కూర్చోబెట్టి, తను కొళాయి దగ్గరికెళ్ళి మొహం మీద నీళ్ళు కొట్టుకుంది. ఎన్నిసార్లు కొట్టుకున్నా వేడి తగ్గలేదు. ఎనిమిదేళ్ళ పగని తీసుకెళ్ళి ఆయన ప్రకటనలో కలిపేసి వచ్చింది.

"మేడం గారండీ."

వెనక నడివయసు ఆవిడ, పక్కన రమ్య. ఈ ఏడే సీ సెక్షన్‌లో ఇంటర్ అయిపోయిన పిల్ల. ఎప్పుడూ కిటికీ పక్క బెంచీలో కూర్చుని, అడిగితేనే మాట్లాడేది.

"రమ్య వాళ్ళ అమ్మనండీ. హన్నమ్మంటారండీ." చేపలు ప్యాకింగ్ చేసే చోట రోజంతా ఐసు తోడి తోడి ఆవిడ వేళ్ళు తెల్లగా పగిలి ఉన్నాయి. "టీసీ కోసం వచ్చామండీ. ఆదివారమైనా ఇస్తామన్నారని. లోపల మీరు మాట్లాడుతుంటే వెనకాల నిలబడి విన్నామండీ. మా పిల్లకీ ఈ ఏడు హాల్ టికెట్ రాలేదండీ. పోస్టులో పోయుంటుందన్నారు. కొల్లేట్లో లంక ఊరు కదండీ మాది, ఉత్తరాలు అలాగే పోతుంటాయి, నిజమే కాబోసనుకున్నాం. ఇయ్యాల మీరు చెప్తే తెలిసిందండీ ఎటు పోయిందో."

నజ్నీన్‌కి ఒక్కసారిగా ప్రాణం లేచొచ్చినట్టయింది. ఇదిగో, దొరికాడు. పాతది కాదు, ఈ ఏటిది. ఇప్పుడెలా నవ్వుతాడో చూద్దాం.

"వదలొద్దండీ. బోర్డుకి కంప్లైంట్ రాసిద్దాం. నేను రాస్తాను, మీరు సంతకం పెట్టండి. నేను సాక్ష్యం చెప్తాను. ఎవరి చేతికిచ్చింది రమ్య అప్లికేషన్? నిత్యానందం కంటే ముందున్న పీఆర్వోకా, ఆఫీసులోనా?"

హన్నమ్మ కూతురి వైపు చూసింది.

"మీకేనండీ," అంది రమ్య.

నజ్నీన్ మొహం మీది నీళ్ళు తుడుచుకోవడం ఆపింది.

"ఫిబ్రవరిలోనండీ. మీరు మా సెక్షన్ వాళ్ళందరివీ తీసుకుని రబ్బరు బ్యాండు వేసి ఆఫీసుకి తీసుకెళ్ళారు. నాది పైనే పెట్టారండీ, ఫోటో సరిగ్గా అంటించలేదని మీరే మళ్ళీ అంటించి."

నిజమే. జిగురు వేలికి అంటుకుంటే కొంగుకి తుడుచుకున్నది కూడా గుర్తొచ్చింది. ఆ కట్ట ఆఫీసు బల్ల మీద పెట్టి వచ్చేసింది. రెండు రోజుల తర్వాత పోస్టుకి వెళ్ళే సంచీలో అదే కట్ట సన్నబడిపోయి కనిపించింది. ఎందుకు సన్నబడిందో ఆ కాలేజీలో తనకంటే బాగా తెలిసినవాళ్ళు లేరు. ఆ వారమే తన అప్లికేషన్ ఏలూరు హెడ్ పోస్టాఫీసుకి తనే స్వయంగా తీసుకెళ్ళి రిజిస్టరు చేయించింది. ఈ సంగతి కదిపితే బీరువా ఇక తెరుచుకోదని, ఇంకొక్క ఆరు నెలలు నోరు మూసుకోవాలని అనుకుంది. అనుకుని చూపు తిప్పుకుంది.

"మీకు తెలుసాండీ అప్పుడు?" అంది రమ్య.

అబద్ధం నాలిక చివరిదాకా వచ్చింది. తండ్రి బల్ల మీద నుంచి ఇటే చూస్తున్నాడు.

"తెలుసు," అంది నజ్నీన్.

"ఊరుకోవే," అంది హన్నమ్మ కూతుర్ని గదుముతూ. "మేడం గారు మాత్రం ఏం చేస్తారు. వాళ్ళ ఉజ్జోగం వాళ్ళది."

"రమ్యా, నా పుస్తకాలన్నీ నీకిచ్చేస్తాను. ఫిజిక్సు బాపిరాజు గారికి చెప్తాను, ఆదివారాలు వాళ్ళింట్లో..."

"వద్దండీ," అంది రమ్య. గొంతులో కోపం లేదు. క్లాసులో అడిగినప్పుడు జవాబు చెప్పినట్టే నిదానంగా చెప్పింది. "నేను ఏలూరులో డిగ్రీలో చేరుతున్నానండీ. జువాలజీ తీసుకుంటాను. తర్వాత ఎమ్మెస్సీ చేస్తాను. మీరు చెప్పారు కదండీ ఇందాక."

గూడ్సు బండి ఒకటి ఆగకుండా వెళ్ళిపోయింది. దాని మోత తగ్గాక రమ్య మళ్ళీ నోరు విప్పింది.

"అప్పటికి మీరు ఏ ఊళ్ళో ఉంటారండీ?"

"ఇంకా సీటే రాలేదమ్మా," అంది నజ్నీన్.

"వస్తుందండీ మీకు. డాక్టరయ్యాక ఏ ఊళ్ళో పెడతారండీ హాస్పిటల్?"

హన్నమ్మకి ఆ ప్రశ్న ముచ్చటేసింది. "చూశారాండీ, మీరంటే ఎంత ఇదో దానికి," అంటూ నవ్వింది.

నజ్నీన్ ఆ పిల్ల కళ్ళలోకి చూసింది. ఎనిమిదేళ్ళుగా అద్దంలో రోజూ చూసుకుంటున్న చూపే అది, కొత్తగా చూడటానికేమీ లేదు.

"ఏలూరులోనే," అంది.

రమ్య సరేనండీ అన్నట్టు తలూపి, తల్లి చేతిలోని సంచీ తను అందుకుని, లేడీస్ పెట్టె ఆగే చోటికి నడిచింది.